నిమ్మరంగా, నారింజా, తెలుపా: సైకిలెక్కే ముందు చొక్కా సంగతి

మూడేళ్ళ క్రితం నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక దుకాణానికి వెళ్ళి, సైకిలు తొక్కేటప్పుడు వేసుకోవడానికని నిమ్మరంగు టీషర్టు కొన్నాను. పొదలకూరు నిమ్మకాయ సగం పండినప్పుడు ఉండే రంగు. దాని లోపల ఎవరో దీపం పెట్టినట్టుంది. "రాత్రి కూడా వెలుగుతుంది సార్" అన్నాడు అమ్మే అబ్బాయి. నమ్మాను. ఆ డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి, మైపాడు రోడ్డు మీద వెనక నుంచి వచ్చిన పాల వ్యాను నా మోచేతిని దాదాపు రాసుకుంటూ పోయి కాస్త ముందు ఆగింది. డ్రైవరు దిగి నన్ను తిట్టలేదు. అతనే వణుకుతున్నాడు. "మనిషనుకోలేదు సార్, ఎవరో రోడ్డు వారన పెట్టిన యూరియా బస్తా అనుకున్నాను" అన్నాడు.

వెయ్యి రూపాయల చొక్కా వేసుకుని యూరియా బస్తా అనిపించుకున్నాను. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. ఆలోచిస్తే అతని మాటలో తప్పేమీ లేదు. ఏదో లేతరంగుది అతనికి కనిపించింది. అది కదులుతోందనీ, దాని మీద ఒక మనిషి ఉన్నాడనీ తెలియలేదు. కనబడటం ఒకటి, మనిషిగా కనబడటం ఇంకొకటి. సైకిలు మీద వెళ్ళేవారు ఏ రంగు వేసుకోవాలన్న ప్రశ్న ఈ రెండింటి మధ్య నలుగుతూ ఉంటుంది. దుకాణంలో ట్యూబులైటు కింద నిలబడి తేల్చుకునే విషయం కాదది. మీరు ఏ గంటకు బయలుదేరుతారు, ఏ దిక్కుకు వెళతారు, రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా ఏమి ఉంది, వాన పడుతోందా అన్నవి చూసుకుని తేల్చుకోవాలి.

రేడియం అనే ఒక్క మాటలో రెండు వస్తువులు

మన దగ్గర మెరిసేదంతా రేడియమే. నంబరు ప్లేటు మీద అతికించేది రేడియం, లారీ వెనక ఎరుపు తెలుపు పట్టీ రేడియం, రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు వేసుకునే సేఫ్టీ జాకెట్ కూడా రేడియమే. అసలు రేడియం ఒకప్పుడు గడియారాల అంకెల మీద పూసిన రేడియోధార్మిక లోహం. ఈ వస్తువుల్లో అది రవ్వంత కూడా లేదు. పేరు ఏదైనా ఫరవాలేదు గానీ, ఆ ఒక్క పేరు కింద పూర్తిగా వేరువేరుగా పనిచేసే రెండు వస్తువులు దాక్కుని ఉన్నాయి. నేను మోసపోయింది అక్కడే.

మొదటిది ఫ్లోరోసెంట్ రంగు. ఎండలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. ఈ రంగు వాటిని మింగి, కంటికి కనబడే వెలుగుగా బయటికి వదులుతుంది. తన మీద పడిన కనబడే వెలుగుకు ఇది అదనం. అందుకే పగలు ఆ చొక్కా చుట్టుపక్కల ఉన్న వాటన్నిటికంటే కాంతిమంతంగా, కాస్త అసహజంగా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజునా, సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ కూడా బాగా పనిచేస్తుంది. చీకటి పడ్డాక మాత్రం ఆ కిరణాలు లేవు. వీధి దీపంలోనూ, వాహనాల హెడ్‌లైట్లలోనూ అవి చెప్పుకోదగ్గంత ఉండవు. అప్పుడు ఆ వెయ్యి రూపాయల చొక్కా మామూలు లేతపసుపు చొక్కా అయిపోతుంది.

రెండోది రిఫ్లెక్టివ్ పట్టీ. పగలు చూస్తే బూడిదరంగులో, ఎందుకూ పనికిరానిదిలా ఉంటుంది. దాని మీద సన్నటి గాజుపూసలు గానీ, చిన్న చిన్న పట్టక ఆకారాలు గానీ ఉంటాయి. హెడ్‌లైటు కాంతి ఎటు నుంచి వచ్చిందో అటే దాన్ని తిప్పి పంపుతాయి. డ్రైవరు కళ్ళు హెడ్‌లైటుకు దగ్గరలోనే ఉంటాయి కాబట్టి అతనికి అది దీపంలా వెలుగుతుంది. పక్కన నడిచే మీకు ఏమీ కనబడదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలకను చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచితే ఒక కోణంలో బంగారు రవ్వలు మెరిసి, మరో కోణంలో మాయమవుతాయి. ఈ పట్టీకి ఆ అవస్థ లేదు. ఎటు వంచినా, మరీ వాలుగా వస్తే తప్ప, వెలుగు తిరిగి పంపిన వారి దగ్గరికే చేరుతుంది.

ఈ లెక్కన పగటికి ఫ్లోరోసెంట్, రాత్రికి పట్టీ. ఒకదాని పని మరొకటి చేయదు. రెండూ కలిసి ఉన్న జాకెట్లు దొరుకుతాయి. కొనేటప్పుడు లోపలి చీటీ మీద ఐఎస్ 15809 (ఇటువంటి జాకెట్లకు మన దేశపు ప్రమాణం) అని గానీ, ఐఎస్ఓ 20471 (అంతర్జాతీయ ప్రమాణం) అని గానీ ఉందేమో చూడండి. అది లేని జాకెట్ పనికిరాదని కాదు. పట్టీ వెడల్పు, రంగు నాణ్యత ఎవరో పరీక్షించారన్న భరోసా మాత్రం ఉండదు. దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఫోను టార్చి వెలిగించి కంటి పక్కనే పెట్టుకుని, పది అడుగుల దూరం నుంచి పట్టీని చూడండి. ఒక్కసారిగా తెల్లగా భగ్గుమంటే అది అసలుది. బూడిదరంగులోనే ఉండిపోతే అది బూడిదరంగు గుడ్డ, అంతే.

పగలు: వెనక ఏముందో చూసుకోవాలి

పగటి వెలుగులో మన కన్ను కాంతి తరంగం పొడవు 555 నానోమీటర్లు ఉండే దగ్గర, అంటే పసుపూ పచ్చా కలిసే చోట, అన్నిటికంటే చురుగ్గా ఉంటుంది. నిమ్మరంగు సరిగ్గా అక్కడ కూర్చుంది. కాబట్టి లెక్క ప్రకారం దానిదే మొదటి స్థానం. డెన్మార్కులో 2012-13లో దాదాపు 6,800 మంది సైకిలిస్టులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఫ్లోరోసెంట్ పసుపు జాకెట్లు ఇచ్చి ఏడాది పాటు గమనించారు. ఇతర వాహనాలతో, మనుషులతో జరిగి గాయపడిన ప్రమాదాలు జాకెట్ వేసుకున్నవారిలో 47 శాతం తక్కువ. ప్రమాదం జరిగిందని ఎవరికి వారే చెప్పిన లెక్క కాబట్టి, అందులో ఉండగల పక్షపాతాన్ని సరిచేశాక 38 శాతం అన్నారు. ఆ సంఖ్యను నెల్లూరు ఆటోల మధ్యకు యథాతథంగా తెచ్చుకోలేం గానీ, దాన్ని కొట్టిపారేయనూ లేం.

అయితే డెన్మార్కు వీధికీ ఇందుకూరుపేట పొలాలకూ తేడా ఉంది. నెల్లూరు వరి నారు పోసుకునేది ఈశాన్య రుతుపవనాల వానలకు. జనవరికల్లా రోడ్డుకు రెండు వైపులా లేతపచ్చ. ఆ పచ్చ ముందు నిమ్మరంగు చొక్కా పూర్తిగా కలిసిపోదు. దానికి అదనపు వెలుగు ఉంది కదా. కానీ బలం సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. అదే రోడ్డు మీద ఫ్లోరోసెంట్ నారింజ వేసుకున్న మనిషి అర కిలోమీటరు నుంచే నిప్పుకణికలా తెలుస్తాడు. పచ్చని చేను మధ్య నారింజరంగు సహజంగా ఉండదు. అదే దాని బలం. మార్చి దాటి చేలు పండి కోతలు మొదలయ్యాక తలకిందులవుతుంది. ఎండిన గడ్డి, మోళ్ళు, దుమ్ము ముందు నిమ్మరంగే గెలుస్తుంది.

ఒంగోలుకు పడమటి వైపు, అంటే పొదిలి, కనిగిరి దారుల్లో ఎర్రమట్టి, కంపచెట్లు, రాళ్ళు. అక్కడ నారింజ ఆ మట్టికి తోబుట్టువులా ఉంటుంది. నిమ్మరంగు వేసుకోండి. హైవే పనులు జరిగే చోట ఇంకో చిక్కు ఉంది. ప్లాస్టిక్ కోన్లు నారింజ, పనివారి జాకెట్లు నారింజ. వాటి మధ్య మీరూ నారింజ అయితే డ్రైవరు కన్ను మిమ్మల్ని రోడ్డు సామగ్రిలో ఒకటిగా లెక్కేసుకుని జారిపోతుంది. నిలబడి ఉండే వస్తువుగా పొరబడటం కంటే పెద్ద ప్రమాదం లేదు. యూరియా బస్తా సంగతి చెప్పాను కదా.

ఒంగోలు, నెల్లూరు బజారుల్లో మాత్రం ఏ రంగూ పెద్దగా గెలవదు. ఫ్లెక్సీలు, బోర్డులు, పూలబండ్లు, ఆటోల అలంకారాలు. అన్ని రంగులూ అక్కడే ఉన్నాయి. ఊళ్ళో వాహనాలు నెమ్మదిగా వెళతాయి కాబట్టి రంగు కంటే మీరు ఎక్కడ తొక్కుతున్నారు, పక్కకు తిరిగేటప్పుడు చెయ్యి చాచారా లేదా అన్నవే ఎక్కువ పనిచేస్తాయి.

ఎరుపు గురించి ఒక మాట. ప్రమాదానికి గుర్తు ఎరుపు కాబట్టి ఎర్రచొక్కా వేసుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. పట్టపగలు ఫరవాలేదు. సాయంత్రం ఆరవుతున్నప్పుడు పెరట్లో ఎర్ర మందారం చెట్టు దగ్గర నిలబడి చూడండి. వెలుగు తగ్గుతున్నకొద్దీ ఆకులు ఇంకా పచ్చగానే తోస్తాయి, పువ్వు మాత్రం నల్లబడిపోతుంది. చీకట్లో చూసే కంటి కణాలు 507 నానోమీటర్ల దగ్గర చురుకు. అది నీలానికీ పచ్చకూ నడుమ ఉండే చోటు. ఎరుపును ఆ కణాలు దాదాపు గుర్తించవు. ఎరుపు పచ్చ తేడా సరిగా తెలియని మగవారు కొందరు ఉంటారు. వారిలో ఒక రకం వారికి ఎరుపు పగలు కూడా ముదురుగానే తోస్తుంది. లారీ నడిపేవారిలో అటువంటివారు ఉండరని ఎవరు చెప్పగలరు? మామూలు ఎరుపు, మెరూన్, ముదురు గులాబీ, వీటిని నేను నలుపుతో పాటే లెక్కేస్తాను.

పసుపు చొక్కాతో మన రాష్ట్రంలో ఉన్న ఒకే ఒక ఇబ్బంది వేరే. పసుపు వేసుకుని సైకిలెక్కితే టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు "ఈసారి టికెట్టు ఎవరికి?" అని అడుగుతారు. రంగూ గుర్తూ రెండూ తెలుగుదేశానివే అయ్యాయి మరి. నిమ్మరంగుకు ఆ బాధ కాస్త తక్కువ. దానికి పురుగుల బాధ ఉంది. మిరప చేలల్లో తెల్లదోమ కోసం పసుపు జిగురు అట్టలు పెట్టేది ఎందుకో రైతులకు చెప్పనక్కరలేదు. పూత సమయంలో చేల పక్కన తొక్కి ఇంటికి వచ్చేసరికి మీ చొక్కా కూడా ఆ అట్టలాగే ఉంటుంది.

తూర్పు పడమరల తంటా

రంగుల పోలికలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. పొద్దున్నే నెల్లూరు నుంచి మైపాడు బీచికి వెళ్ళేవారు సూర్యుడికి ఎదురు వెళతారు. సాయంత్రం ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని చీమకుర్తి వైపు వెళ్ళేవారూ అంతే. మీ వెనక వచ్చే డ్రైవరు కళ్ళలో సూర్యుడు సూటిగా పడుతుంటాడు. దానికి తోడు చీమకుర్తి దారిలో అద్దం మీద రాతిదుమ్ము. ఆ వెలుగులో అతనికి మీ వీపు నీడ వైపు నుంచి కనిపిస్తుంది. ఎంత ఖరీదైన నిమ్మరంగైనా నల్లటి ఆకారమే. అప్పుడు చొక్కా మార్చి లాభం లేదు. వెనక ఎర్రదీపం పగలే వెలిగించుకోవాలి. లేదా పొద్దున అయితే సూర్యుడు చెట్ల మీదికి వచ్చేదాకా, సాయంత్రం అయితే పొద్దు గుంకేదాకా ఒక అరగంట ఆగాలి. నేనైతే ఆగుతాను. గ్రానైటు దిమ్మె మోసుకెళ్ళే లారీ ఆగడానికి ఎంత దూరం పడుతుందో ఒకసారి చూసినవాడు ఎవడైనా ఆగుతాడు.

రాత్రి: వీపు కాదు, కాళ్ళు

యూరియా బస్తా సంఘటన తర్వాత మా బావమరిదీ నేనూ కోవూరు అవతల వాళ్ళ చేను దారిలో ఒక పని చేశాం. రెండు వెదుళ్ళ మధ్య దండెం కట్టి నల్లచొక్కా, నీలం జీన్సు, ఎర్ర తువ్వాలు, తెల్ల పంచె, నా నిమ్మరంగు టీషర్టు, ఒక సేఫ్టీ జాకెట్ వరుసగా ఆరేశాం. చీకటి పడ్డాక అతను స్కూటరు లైటు డిమ్ములో పెట్టి దూరం నుంచి మెల్లగా వచ్చాడు. ఏది కనబడితే అప్పుడు కేక వెయ్యాలి. మొదటి కేక జాకెట్ పట్టీలకు పడింది, అది కూడా నేను అనుకున్నదానికంటే చాలా ముందుగా. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత పంచె. దాని వెంటనే నిమ్మరంగు. నా ఖరీదైన చొక్కా కంటే మా మామగారి పంచె ముందుంది! ఎరుపూ నీలమూ దాదాపు దగ్గరికి వచ్చాక. నల్లచొక్కాకు అతను కేకే వేయలేదు, దాని కిందనుంచి వెళ్ళిపోయాడు.

"బావా, జాకెట్ కనబడింది సరే, అది దండేనికి వేలాడుతోందో మనిషి తొడుక్కున్నాడో నాకు తెలియలేదు" అన్నాడు దగ్గరికి వచ్చి. అసలు మాట అదే.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు ఇదే విషయాన్ని పద్ధతిగా పరీక్షించి 2012లో ప్రచురించారు. రాత్రిపూట, ఇతర వాహనాలు రాని దారి మీద డ్రైవర్లను తిప్పి, సైకిలు తొక్కుతున్న మనిషిని ఎంతమంది గుర్తుపట్టారో లెక్కించారు. నల్లబట్టల్లో ఉన్నప్పుడు 2 శాతం. ఫ్లోరోసెంట్ జాకెట్‌తో 15 శాతం. రిఫ్లెక్టివ్ జాకెట్‌తో 50 శాతం. అదే జాకెట్‌కు తోడు చీలమండలకూ మోకాళ్ళకూ రిఫ్లెక్టివ్ పట్టీలు కడితే 90 శాతం. జాకెట్ మీద ఇంకో పట్టీ కుట్టడం వల్ల వచ్చిన తేడా కాదిది. పైకీ కిందికీ ఆడే రెండు వెలుగుచుక్కలను చూడగానే మెదడు ఇవి కాళ్ళు అని పసిగడుతుంది. మనిషి నడకనూ, తొక్కుడునూ గుర్తుపట్టే నేర్పు మనకు పుట్టుకతో వచ్చినట్టుంది. దూరం నుంచి ముఖం కనబడకపోయినా నడకను బట్టి ఫలానావారని చెప్పేస్తాం కదా. ఇంకొక లాభం కూడా ఉంది. డిమ్ములో ఉన్న హెడ్‌లైటు కాంతి రోడ్డుకు దగ్గరగా పడుతుంది. వీపు కంటే ముందు చీలమండ దాని దారిలోకి వస్తుంది.

దీనికి దూరం లెక్క కూడా జతచేసుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 22 మీటర్లు వెళుతుంది. డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు పెట్టేసరికి రెండు సెకన్లనుకుంటే 44 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు ఆగడానికే మరో 35 మీటర్ల దాకా కావాలి. మొత్తం 80 మీటర్లు. లోడు లారీకి ఇంకా ఎక్కువ. డిమ్ములైటు వెలుగు రోడ్డు మీద సుమారు 50, 60 మీటర్ల దాకా బాగా పడుతుంది. అంటే హైవే వేగాల దగ్గర తెల్ల పంచె కూడా చాలదు. తనంతట తాను వెలిగేదో, వెలుగును తిప్పికొట్టేదో కావాలి.

అందుకే నా దగ్గర డబ్బు కొద్దిగానే ఉండి ఒకే ఒకటి కొనమంటే చొక్కా కొనను. వెనక ఎర్రదీపం కొంటాను. హెడ్‌లైటు పడకముందే, మలుపులో కూడా అది కనిపిస్తుంది. పట్టీకి ఆ శక్తి లేదు, ఎవరో వెలుగు వేస్తేనే అది బతుకుతుంది. రెండోదిగా చీలమండ పట్టీలు రెండు. మూడోది జాకెట్. చొక్కా రంగు ఆ తర్వాతే. మా తాత కాలంలో లైటు లేని సైకిలును పోలీసులు ఆపేవారట. సందు చివర కానిస్టేబులు కనబడగానే దిగి నడిపించుకుపోవడం, దాటాక మళ్ళీ ఎక్కడం ఆయన చెప్పే కథల్లో సగం. ఆ జరిమానాలో అర్థం ఉందని ఇప్పుడు తోస్తోంది.

కార్తీకం, మార్గశిరం, వాన, మంచు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వానలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పగలు కుంచించుకుపోయేదీ అప్పుడే. నవంబరులో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే అయ్యప్ప దీక్షలు. నల్లబట్టలు, తెల్లవారకముందే చన్నీటి స్నానం, గుడికి ప్రయాణం. దీక్షలో ఉన్నవారికి రంగు మార్చుకోమని చెప్పడం సలహా కాదు, అధిక ప్రసంగం. మార్చనక్కరలేదు కూడా. పట్టీ నలుపు మీద ఎంత బాగా మెరుస్తుందో తెలుపు మీద అంత తేడాగా తెలియదు. చీలమండలకు పట్టీలు చుట్టుకుని, సైకిలు మడ్‌గార్డుకు రేడియం అతికించి, వెనక దీపం పెట్టుకుంటే నల్లబట్టల స్వామి నిమ్మరంగు చొక్కా వేసుకున్న నాకంటే ముందే కనిపిస్తాడు.

రెయిన్‌కోటు దగ్గర మాత్రం నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. బజారులో దొరికేవి ఎక్కువగా నలుపు, ముదురు నీలం, సైనికుల ఆకుపచ్చ. వానలో అద్దం మీద నీళ్ళు, రోడ్డు మీద ఎదురు లైట్ల ప్రతిబింబాలు, మధ్యలో నల్ల రెయిన్‌కోటు. లోపల ఎంత మంచి జాకెట్ ఉన్నా దాన్ని ఈ కోటు కప్పేస్తుంది. పసుపు రెయిన్‌కోటు వెతికి కొనండి. దొరకకపోతే జాకెట్‌ను కోటు పైన తొడుక్కోండి. చూడటానికి వింతగా ఉంటుంది. ఉండనివ్వండి. చవక పట్టీల్లో గాజుపూసలు పైకి తేలి ఉంటాయి. వాటి మీద నీటిపొర పేరుకుంటే మెరుపు బాగా తగ్గిపోతుంది. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉండి, లోపల తేనెపట్టు గళ్ళలా కనిపించే పట్టీ వానకు తట్టుకుంటుంది. రేడియం స్టిక్కర్ల దుకాణంలో అడిగితే లారీలకు వేసే ఆ రకం మూరల లెక్కన కోసి ఇస్తారు.

మంచులో తెలుపు దండగ. పెన్నా ఒడ్డున జనవరి ఉదయం తెల్లబట్టల్లో వెళ్ళే మనిషి మంచులో మంచే. అక్కడ పంచెకు దండెం మీద వచ్చిన మార్కులన్నీ పోతాయి. పగటి మంచుకు నారింజ, దానికి తోడు దీపం. దీపాన్ని మినుకుమినుకుమనే పద్ధతిలో పెట్టాలా, నిలకడగా వెలిగేలా పెట్టాలా అని అడుగుతారు. పగలు మినుకుమనేది కంటిని త్వరగా లాగుతుంది. రాత్రి నిలకడగా వెలిగేదైతే ఎంత దూరంలో ఉన్నారో డ్రైవరు తేలిగ్గా అంచనా వేయగలడు.

ఎవరికి ఏది

తెల్లవారకముందే పేపర్లు వేసే కుర్రాళ్ళకు చొక్కా రంగు గురించి చెప్పి లాభం లేదు, ఉన్నది వేసుకుంటారు. పెడళ్ళకు రెండు వైపులా పసుపు రిఫ్లెక్టర్లు ఉండాలి. కొత్త సైకిలుకు వస్తాయి గానీ ఆరు నెలల్లో ఊడిపోతాయి. వాటిని మళ్ళీ బిగిస్తే చీలమండ పట్టీ చేసే పనే అవి చేస్తాయి. పేపర్ల సంచికి అడ్డంగా ఒక పట్టీ.

బడిపిల్లలది ముఖ్యంగా బ్యాగు సమస్య. యూనిఫాం ఏ రంగైనా వెనక నుంచి కనిపించేది పుస్తకాల సంచే, అది ఎక్కువగా నలుపు. పిల్లవాడికి జాకెట్ తొడిగి దాని మీద సంచి తగిలిస్తే జాకెట్ డబ్బు వృథా. సంచికే నిమ్మరంగు వాన కవరు తొడిగితే పుస్తకాలూ తడవవు. చుడీదారు వేసుకునే ఆడపిల్లల చున్నీ జాకెట్ పట్టీలను కప్పేస్తుంది, గాలికి చక్రంలోనూ పడుతుంది. జాకెట్‌ను చున్నీ పైన వేసుకోవడమే మంచిది.

ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు పోర్టు లారీల మధ్య రోజూ డ్యూటీకి వెళ్ళేవారికి పూర్తి సరంజామా కావాలి: పట్టీలున్న జాకెట్, కాళ్ళకు పట్టీలు, రెండు దీపాలు. బొగ్గు మసి పట్టిన జాకెట్ వారం తిరిగేసరికి సగం మెరుపు కోల్పోతుంది. రెండు కొని ఒకటి ఉతుకులో ఉంచుకోవాలి. ఆదివారం పొద్దున పదిమందితో హైవే ఎక్కి కావలి దాకా వెళ్ళివచ్చేవారు అందరూ ఒకే రంగు వేసుకుంటే గుంపుగా బాగా తెలుస్తారు. జట్టు టీషర్టుకు నలుపు ఎంచుకోకండి అని మాత్రం బతిమాలుకుంటాను. ఫొటోల్లో బాగుంటుందన్న ఒక్క కారణంతో ఎన్ని జట్లు నలుపు వేసుకుంటాయో!

మేలో మాత్రం వేరే లెక్క. నలభై రెండు డిగ్రీల ఎండలో పాలిస్టర్ జాకెట్ తొడుక్కుని తొక్కమని చెప్పేవాడు సైకిలు ఎక్కనివాడు అయి ఉండాలి. వలగుడ్డతో చేసిన పలచని జాకెట్ తీసుకోండి, లేదా పూర్తిగా మానేసి తెల్ల నూలుచొక్కాతో పగలు వెళ్ళండి. పట్టపగటి మండుటెండలో వడదెబ్బ ప్రమాదం కనబడకపోయే ప్రమాదం కంటే పెద్దది. కాళ్ళ పట్టీలు ఎలాగూ చెమట పట్టించవు.

కనబడినంత మాత్రాన ఎడం ఇస్తారని ఆశించవద్దు. ఇంగ్లండులో ఒక పరిశోధకుడు ఏడు రకాల దుస్తులు మార్చి మార్చి తొక్కి, పక్కనుంచి దాటిపోయే వాహనాలు ఎంత ఎడంగా వెళుతున్నాయో కొలిచి 2013లో ప్రచురించాడు. వేసుకున్న దాన్ని బట్టి పెద్ద తేడా రాలేదు. పోలీసు అని, వీడియో తీస్తున్నామని రాసి ఉన్న జాకెట్‌కు మాత్రం కాస్త ఎక్కువ ఎడం దొరికింది. మన దగ్గర ఆ జాకెట్ వేసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. దారి ఇవ్వవలసిన బాధ్యత నడిపేవారిది. చీకట్లో నల్లచొక్కాతో వెళుతున్నాడు కాబట్టి పోయాడులే అనడం నాకు నచ్చదు.

ఫ్లోరోసెంట్ రంగు ఎండకు వెలిసిపోతుంది. ఆ రంగును పోగొట్టేదీ ఆ ఎండే, దాన్ని వెలిగించేదీ ఆ ఎండే. కాబట్టి ఉతికాక నీడన ఆరవేయండి. బ్లీచింగు వద్దు, బండకేసి బాదవద్దు, పట్టీ మీద ఇస్త్రీపెట్టె అసలే వద్దు. నా నిమ్మరంగు టీషర్టు ఇప్పుడు పాత పేపరు రంగులోకి దిగింది. రెండు కాళ్ళకూ కట్టుకునే పట్టీలు మాత్రం మొన్న వానాకాలంలో తెచ్చినవి ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. వాటిని సైకిలు హ్యాండిలుకే చుట్టి ఉంచుతాను. అలమారలో పెడితే తెల్లవారుజామున వెతకబుద్ధి కాదు.